చలనచిత్రముల మాతృకలును వాని పరిష్కరణమును

తెలుఁగున వెలువడిన మొదటి మాటలచిత్రము "భక్త ప్రహ్లాద". దర్శకులు ఎచ్. ఎం. రెడ్డిగారు, నిర్మాత బొంబాయి ఇంపీరియల్ ఫిలిం కంపెనీ యధిపతియగు అర్దేషిర్ ఇరానీ. సురభి నాటకసమాజమువారి ప్రదర్శనము నాధారముగాఁ జేసికొని యీ చిత్రము నిర్మింపఁబడినది. హిరణ్యకశిపుఁడుగా మునిపల్లె సుబ్బయ్యగారును, లీలావతిగా సురభి కమలాబాయిగారును నటించిరి. ఇంతవఱకు వివాదము లేదు. కాని యిది ప్రజల యెదుటికి ఎప్పుడు వచ్చినది? ఈ ప్రశ్నకుఁ జిరకాలము తప్పు ప్రత్యుత్తరమే చెల్లుబడి యయినది. 1931 సెప్టెంబరు 15వ తేది యని వ్యాసములందును, ఉత్సవసంచికలందును ఒకరిని జూచి యొకరు వ్రాసికొనుచు వచ్చిరి. పత్రికారచయితలగు రెంటాల జయదేవగారు నాఁటి పత్రికాప్రకటనములను, సెన్సారు దాఖలాలను వెదకి, 1932 జనవరి 22వ తేదిని సెన్సారు అనుమతి లభించినదనియు, ఫిబ్రవరి 6వ తేదిని బొంబాయిలోఁ బ్రథమప్రదర్శనము జరిగినదనియు నిరూపించువఱకు ఆ పొరపాటు సవరింపఁబడలేదు.

కవుల కాలమును గుఱించి యిట్టి పొరపాటులు మన మెఱుఁగనివి కావు. అయినను కవివిషయమున మన చేతిలో గ్రంథమైన నుండును. అవతారికను జూచి, కృతిపతివంశమును జూచి, భాషను బరిశీలించి కొంత నిర్ణయింపవచ్చును. ఇచట గ్రంథమే లేదు. భక్త ప్రహ్లాద ప్రతి యొక్కటియు నేఁటివఱకు దొరకలేదు. దొరకియున్నచో దాని దేహమే కొంత సాక్ష్యము చెప్పియుండెడిది. ఫిలిము తయారుచేయు కంపెనీలలోఁ గొన్ని తమ పట్టీ యంచున సన్నని గుర్తులు ముద్రించుట కలదు. కోడక్ కంపెనీవారు 1916 మొదలు వర్తులము, చతురస్రము, త్రికోణము మున్నగు గుర్తులను ఏఁటేఁట మార్చుచు వచ్చిరి. కాగితములోని నీటిగుర్తును బట్టి వ్రాఁతప్రతి కాలమును గణించునట్లే, ఈ గుర్తులను బట్టి ప్రతికి పూర్వసీమ యేర్పఱుపవచ్చును. మన మొదటి మాటలచిత్రమున కా యంచుతునకయైనను మిగులలేదు. దానికిఁ బూర్వము మాటలు లేని కాలమున, 1921లో, రఘుపతి వెంకయ్యగారి కుటుంబమువారు తీసిన "భీష్మప్రతిజ్ఞ" గతియు నింతే.

చలనచిత్రముల సంరక్షణము యంత్రజ్ఞుల పని యని సాధారణముగా ననుకొందురు. అది సగమే నిజము. ప్రతులను సేకరించుట, వాని వంశక్రమమును గుర్తించుట, పాఠములను బోల్చుట, లోపించినచోట లోపించినదని చెప్పుట యనునవి మిగిలిన సగము. ఇవి తాళపత్రగ్రంథములను బరిష్కరించువారికిఁ బరిచితములైన పనులే. యంత్రముల మాటను గొంచెముగాఁ జెప్పి, ఈ రెండవ సగమును గుఱించియే ముఖ్యముగా వ్రాయఁదలఁచితిని.

చిత్రగ్రహణయంత్రమున నెక్కించి వెలుఁగునకుఁ జూపిన ఫిలిమును కడిగినచో నెగెటివు వచ్చును. తెల్లనిది నల్లగాను, నల్లనిది తెల్లగాను అందుఁ గనఁబడును. కూర్పరి కత్తిరించి యతికిన నెగెటివే చిత్రమునకు స్వహస్తలిఖితప్రతి. దానినుండి తీసిన ప్రింటులు ప్రదర్శనశాలలకుఁ బోవును. నెగెటివు అరిగిపోవునను భయమున దానినుండి మెత్తని ఛాయగల యొక నడిమిప్రతిని తీసి, దానినుండి రెండవ నెగెటివును, దానినుండి ప్రింటులను తీయుదురు. తరము మాఱినకొలఁది కొంత సూక్ష్మత పోవును. వెలుఁగునీడల నడుమనుండు బూడిదఛాయలు తగ్గును. పై తరపు గీఁతలును మచ్చలును బొమ్మలో భాగములై క్రింది తరమునకు దిగును. లేఖకుఁడు తన మాతృకలోని తప్పును తెలియక వ్రాసి, తన తప్పును మఱియొకటి చేర్చుట వంటి దిది. కావున ప్రతి చేతికి వచ్చినపుడు "ఇది యేమి చిత్రము" అనుట మొదటి ప్రశ్న కాదు. "ఇది మూలమునకు ఎన్నవ తరము" అనుట మొదటి ప్రశ్న.

తాటాకును పురుగు తినును, కాగితము పొడియగును. ఫిలిము తన్నుఁ దానే తినును. 1951 ప్రాంతమువఱకు 35 మిల్లీమీటరుల ఫిలిము చాల భాగము సెల్యులోజు నైట్రేటుతోఁ జేయఁబడుచుండెను. ఇది తుపాకిమందునకు దాయాది. ఒకసారి యంటుకొన్నచో దానికిఁ గావలసిన ప్రాణవాయువును తానే యిచ్చుకొనును గావున నీటిలో ముంచినను ఆఱిపోదు. అంటుకొనకున్నను, కాలక్రమమున దానినుండి నత్రజని సంబంధమైన వాయువులు వెలువడి, తేమతోఁ గలిసి యామ్లమై, బొమ్మను నిలిపియుంచు వెండిని కొఱికివేయును. మొదట రంగు పసుపుపాఱును, పిదప జిగురెక్కి చుట్టకుఁజుట్ట యంటుకొనును, పిదప నురుగు, తుదకు గోధుమవన్నె పొడి. ఆ స్థితికి వచ్చినది వేసవి యెండకే యంటుకొనవచ్చును. దీనికి బదులుగా వచ్చిన ఎసిటేటు ఫిలిము మంటకు భయపడనక్కఱలేనిదని దానికి "క్షేమఫిలిము" అని పేరు పెట్టిరి. అదియు క్షేమముగా నుండలేదు. వేఁడిమియుఁ దేమయుఁ గలచోట నది పులిసి, పెట్టె తెఱవఁగానే పుల్లనీళ్ల వాసన కొట్టును. ఫిలిము కుంచించుకొని, వంకరపోయి, యంత్రపు పండ్లకు అందకుండును. పులిసినదాని ప్రక్కనున్నదియు త్వరగా పులియును. మన దేశపు శీతోష్ణస్థితి రెండింటికిని శత్రువే. చలువయుఁ బొడియునగు గది తప్ప దీనికి వేఱు మందు లేదు.

కాలముకంటె మనుష్యులే యెక్కువ చెఱిచిరి. ఒక చిత్రము ఆడుట మానిన పిదప దాని పెట్టెలకు అద్దె దండుగ. నలుపుతెలుపు ఫిలిములో వెండి కలదు. దానిని కడిగి వెండిని తీయవచ్చును. ఈ విధముగా కరిగింపఁబడిన చిత్రములకు లెక్క లేదు. ఇంతకంటె విచిత్రమైన మార్గమున మిగిలినవియు నున్నవి. సి. వి. రామన్ పిళ్ల నవల నాధారముగాఁ జేసికొని 1933లో తీయఁబడిన మలయాళదేశపు మూకచిత్రము "మార్తాండవర్మ". నవలను ప్రకటించిన పుస్తకవ్యాపారులు తమ హక్కు భంగమైనదని వ్యాజ్యము వేయఁగాఁ బ్రదర్శనము నిలిచిపోయి, ప్రతి వారి వశమయ్యెను. 1974లో పూనా భాండాగారమువారు వారివద్దనుండియే దానిని సంపాదించిరి. ఆడియున్నచో అరిగిపోయి యుండెడిది. వ్యాజ్యము దానిని బ్రదికించినది.

పూనా భాండాగార మనఁగా 1964లో కేంద్రప్రభుత్వమువారు స్థాపించిన జాతీయ చలనచిత్ర భాండాగారము. 2022లో నిది జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. దీనిని గుఱించి చెప్పునపుడు పి. కె. నాయరుగారిని స్మరింపకుండుట కృతఘ్నత. 1965 మొదలు 1991 వఱకు ఆ సంస్థలో పనిచేసి ఊరూర తిరిగి పెట్టెలను మోయించి తెచ్చినవారాయన. మన దేశమున మూకచిత్రములు వేయికిఁ బైఁబడి నిర్మింపఁబడినవి. వానిలో మిగిలినవి కొలఁదియే. ఆ మిగిలినవానిలోఁ బెక్కులు నాయరుగారి వెదకులాటవలన దొరకినవి. ఫాల్కేగారి "రాజా హరిశ్చంద్ర" నాలుగు రీళ్లలో మొదటిదియుఁ దుదిదియు మాత్రమే లభించినవి. అవియైనను 1913 నాఁటి మూలమునకుఁ జెందినవా, 1917లో ఫాల్కేగారే మరల తీసినదానికిఁ జెందినవా యను సందేహము కలదు. కవియే తన కావ్యమును రెండవమాఱు వ్రాసి, రెండవ ప్రతి మాత్రము మనకు దొరకినచో దానిని "ప్రథమకృతి" యని పిలువవచ్చునా? పేరు చెప్పి గర్వించువారు తఱచు ఈ ప్రశ్నను దాఁటిపోవుదురు. ఇంత సేకరించినను భాండాగారమును నాపదలకు దూరము కాదు. 2003 జనవరి 8వ తేదిని పూనాలో నైట్రేటు ఫిలిములున్న గది తగులఁబడి పెక్కు ప్రాఁత ప్రతులు భస్మమైనవి.

నన్నెచోడుని కుమారసంభవము తెలుఁగుదేశమున నెవ్వరికిఁ దెలియక, తంజావూరి పుస్తకభాండాగారమున నుండఁగా మానవల్లి రామకృష్ణకవిగారు దానిని గనుఁగొని 1909లోఁ బ్రకటించిరి. సొంతచోట నశించినది పరదేశమున మిగులుట గ్రంథములకుఁ గ్రొత్త కాదు. చలనచిత్రములలో దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము జర్మనీదేశపు "మెట్రోపోలిస్". ఫ్రిట్జ్ లాంగ్ తీసిన యీ మూకచిత్రము 1927 జనవరి 10వ తేదిని బెర్లినులో మొదట చూపఁబడెను. చాల నిడివి గలదని వ్యాపారులు దానిని తగ్గించిరి. తగ్గించినదే లోకమున వ్యాపించినది. పూర్ణప్రతి నశించినదని నిశ్చయించుకొన్న పిదప, 2008లో దక్షిణ అమెరికాయందలి బ్యూనస్ అయిరిస్ నగరపు చలనచిత్రప్రదర్శనశాలలో నొక ప్రతి బయటపడెను. ఆ దేశపు వ్యాపారి మొదటి నిడివి ప్రతినే తెప్పించుకొనియుండెను. దానినుండి 16 మిల్లీమీటరుల చిన్న ఫిలిముమీఁదికి నకలు తీసిరి; పెద్దది పోయినది, నకలు నిలిచినది. మూలపు గీఁతలన్నియు నకలులో నచ్చుపడియుండెను. అంతేకాక చిన్న ఫిలిము చట్రమున బొమ్మ పూర్తిగాఁ బట్టక యొక యంచు తెగిపోయెను.

ఇచట పరిష్కర్తలు చేసినపని మన పండితులు మెచ్చఁదగినది. ఏ ఖండము తరువాత నేది రావలయునో నిర్ణయించుటకు వారికి సంగీతము తోడ్పడెను. చిత్రము నడచునపుడు వాయించుటకై గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ వ్రాసిన స్వరగ్రంథము చెడక మిగిలియుండెను. అందు బొమ్మతో సరిపోవలసిన చోటులు వేయికిఁ బైఁబడి గుర్తింపఁబడియున్నవి. వ్యాఖ్యానములోని ప్రతీకములను బట్టి లోపించిన మూలమును నిలుపుట వంటిది. సుమారు 25 నిమిషముల భాగము తిరిగి చేరినది. చేరిన భాగమును దక్కినదానివలె నున్నట్లు నటింపఁజేయలేదు. గీఁతలు గనఁబడుచునే యున్నవి. తెగిన యంచుచోట నల్లగా వదలిరి. ఇంకను దొరకని ఘట్టములచోట కథాంశమును అక్షరములతోఁ దెలిపిరి. గ్రంథపాతముచోట చుక్కలు పెట్టి విడుచు సంపాదకుని నిజాయితీ యిదియే. 2010లో నీ ప్రతి బెర్లినులోఁ జూపఁబడెను.

దొరకుట వేఱు, చేతికి వచ్చినది చదువవీలగుట వేఱు. సత్యజిత్ రాయ్‌గారి మూఁడు వంగచిత్రములు – "పథేర్ పాంచాలి" (1955), "అపరాజిత" (1956), "అపూర్ సంసార్" (1959) – వీని నెగెటివులు 1993లో లండను నగరమునందలి యొక ప్రయోగశాలకుఁ బంపఁబడి యుండఁగా నచట అగ్నిప్రమాదము జరిగెను. మామూలుగా నయినచో కాలిన ముక్కలను పాఱవైతురు. పాఱవేయకుండ వానిని అమెరికాలోని అకాడెమీ భాండాగారమువారు దాఁచిరి. ఆనాఁడు వానితోఁ జేయఁగలిగిన దేమియు లేదు. ఇరువది యేండ్లు గడచిన పిదప ఇటలీదేశమునందలి బొలోన్యా నగరపు పరిష్కరణశాలలో ఆ ముక్కలకు మరల తడి పట్టించి మెత్తపఱచి, వంకరలు తీసి, పాడైన యంచురంధ్రములను చేతితో నొక్కొక్కటిగా నతికి, ప్రాఁత జిగురును టేపును తొలఁగించిరి. ఈ చేతిపనికే సుమారు వేయి గంటలు పట్టినవి. పథేర్ పాంచాలిలో నూటికి నలువది పాళ్లును, అపరాజితలో నూటికి అఱువదికిఁ బైఁగాను మూలనెగెటివునుండియే లభించినవి. మూఁడవదాని నెగెటివు పనికిరానంతగాఁ జెడినందున, క్రింది తరపు ప్రతులను గ్రహించిరి. 2015లో ఈ ప్రతులు వెలువడినవి. ఏ భాగము ఎచటినుండి వచ్చినదో చెప్పి మఱి ప్రకటించిరి. బ్రౌనుదొరవారు వేమన పద్యములకై యెన్ని ప్రతులు తెప్పించిరి, ఏ పాఠ మెందు గలదు అని వ్రాయించుకొన్న పుస్తకములను జూచినవారికి ఈ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు.

ఇఁక ధ్వనిని గుఱించి. బొమ్మను గుఱించి వ్రాసినవారు పెక్కండ్రు. ధ్వనిని గుఱించి తక్కువ. తెలుఁగువారికిఁ బద్యము చెవిసొమ్ము గావున నిచటఁ గొంత నిలుచుట యుక్తము.

ప్రాఁత టాకీలలో ధ్వనియును వెలుఁగుతోడనే ఫిలిముమీఁద వ్రాయఁబడును. బొమ్మల వరుస ప్రక్కన రెండున్నర మిల్లీమీటరుల వెడల్పున నొక సన్నని దారి యుండును. ఒక పద్ధతిలో నది నలుపుతెలుపుల సాంద్రతాభేదముగల యడ్డుగీఁతల వరుస. మఱియొక పద్ధతిలోఁ గొండలచాలువలె హెచ్చుతగ్గులు గల తెల్లని యాకారము. దానిగుండ సన్నని వెలుఁగును బంపి, ఆవల వెలుఁగు హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మార్చి, విద్యుత్తును మరల శబ్దముగా మార్తురు. కావున నా దారిమీఁదఁ బడిన ప్రతి ధూళికణమును యంత్రము శబ్దముగానే చదువును. మనకు వినఁబడు చిటపటలు అవియే. ఫిలిము కుంచించుకొన్నచో శ్రుతి కదలును. నిర్మాణకాలమున ధ్వనికి వేఱు నెగెటివు, బొమ్మకు వేఱు నెగెటివు తీయువాడుక స్థిరపడినందున, రెండింటి జాతకములును వేఱయినవి. ఒకటి చెడి మఱియొకటి నిలుచుట గలదు.

ఒక సూక్ష్మమును పండితులు గమనింపఁదగును. ప్రదర్శనయంత్రమున బొమ్మను జూపుచోటును, ధ్వనిని చదువుచోటును ఒకటి కావు. అందుచేత ఒక బొమ్మకుఁ జెందిన మాటను దానికి సుమారు ఇరువది బొమ్మలు ముందుగా ముద్రింతురు. సెకండునకు 24 బొమ్మలు నడచును గావున, అంతరము సెకండులో నాఱింట నైదుపాళ్లు. ఇఁక ఫిలిము తెగినచో యంత్రము నడపువాఁడు చెడిన నాలుగు బొమ్మలను కత్తిరించి యతికించును. బొమ్మ తెగిన దొకచోట, మాట తెగిన దింకొకచోట! పాత్ర చేయి యెత్తునపుడు చేయి మాయమగును. దాదాపు సెకండు తరువాత సంభాషణములో నొక యక్షరము మాయమగును. పద్యము నడుమ గణభంగమైనచో నటుఁడు తప్పెననుకొందుము. అతుకు ఎచట నున్నదో చూచిన నిజము తెలియును. ఇట్టి లోపములు ప్రతికొక విధముగా నుండును గావున, రెండుమూఁడు ప్రింటులను బోల్చి యొకదానినుండి బొమ్మను, మఱియొకదానినుండి ధ్వనిని గ్రహింపవచ్చును.

పాటలకు గ్రామఫోను పలకలు కలవు గదా, వాని నెత్తి యిందు పెట్టరాదా యని యడుగవచ్చును. తొలి దినములలోఁ బలకకొఱకుఁ బాటను వేఱుగా మరల పాడించెడివారు. పది యంగుళముల పలకకు ఒక ప్రక్క సుమారు మూఁడు నిమిషములే పట్టును. చరణము తగ్గును, ఆలాపన తగ్గును, ఒక్కొకప్పుడు గాయకుఁడే మాఱును. అది పాఠాంతరము, మూలము కాదు. చిత్రము నశించినచోట అదియే శరణ్యము. చిత్రము నిలిచినచోట దానిని తెచ్చి యతికించుట ప్రక్షిప్తము.

చిటపటలను దొలఁగించు యంత్రములు నేఁడు గలవు. వానిని మితముగా వాడిన మేలు చేయును. అపాయ మెచట ననఁగా, ప్రాఁత ఫిలిము ధ్వనిలో ఎల్లప్పుడు వినఁబడు సన్నని బుసవంటి శబ్దము ఉచ్చస్థాయియందుండును. మన శ, ష, స ల స్వరూపము తెలియు శ్వాసధ్వనియును నా స్థాయియందే యుండును. బుసను తుడిచినపుడు దానితోఁ గూడ ఊష్మములును మొద్దుపాఱును. తంబురనాదములోని పై స్వరములు పోవును. గాయకుఁడు ఊపిరి తీసికొనుట వినఁబడక కంఠము యంత్రపుకంఠమగును. వినువారికిఁ "జక్కగా నున్నది" అనిపించును. నాటకములాడు కాలపు టుచ్చారణమును, పద్యమును దీర్ఘముగా నెత్తి రాగమునఁ బాడు పద్ధతిని పరిశోధింపఁగోరువానికి మాత్రము సాక్ష్యమే చెఱుపఁబడినది. తుడిచిన ప్రతితోఁబాటు తుడువని ప్రతిని గూడ నుంచవలయునని నే నడుగుట యందులకే.

తెలుఁగున నీ చర్చకుఁ బ్రధానమైన లక్ష్యము "మాయాబజార్". కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా వారు నిర్మించిన యీ చిత్రము 1957 మార్చి 27వ తేదిని విడుదలయ్యెను. తమిళమునందును వేఱుగా తీయఁబడినది. చిత్రగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీ. హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ కంపెనీవారు దీనిని కంప్యూటరు యంత్రములతో శుద్ధిచేసి, రంగులు వేసి, ఏకమార్గమైన ధ్వనిని బహుమార్గముగా మార్చి 2010 జనవరి 30వ తేదిని ప్రదర్శింపఁజేసిరి. ఈ యుద్యమమును బొత్తిగా నిందించుట నాకు సమ్మతము కాదు. గీఁతలు పోయినవి, మసక తగ్గినది, చిత్రమును పేరు వినుటయే కాని చూడని బాలబాలికలు ప్రదర్శనశాలలకుఁ బోయి చూచిరి. మూలమునకు గౌరవము కలిగినవారే పూనిన పని యది.

అయినను ఇందు రెండు పనులు కలిసిపోయినవి. వానిని విడఁదీసి చూడవలయును. గీఁతను దొలఁగించుట పరిష్కరణము; ఏలయన గీఁత కర్త పెట్టినది కాదు. రంగు వేయుట వ్యాఖ్యానము. శశిరేఖ చీర కే రంగు తగునను నిర్ణయము నేఁటి చిత్రకారుని యూహ. అది 1957 నాఁటి యే బొమ్మయందును లేదు. బార్ట్‌లీగారు రంగులేని ఫిలిమునకే వెలుఁగు నేర్పఱచిరి. నౌకావిహారఘట్టమున నీటిమీఁది వెన్నెల తెలుఁగు ప్రేక్షకులకుఁ బ్రసిద్ధమైనది. తెలుపునకు నలుపునకు నడుమ ఎన్ని మెట్లు గలవో యెఱిఁగినవాఁడు చేసిన పని యది. దానిమీఁద నీలివన్నె పూసినచో వెన్నెల మఱింత స్పష్టముగానే కనఁబడవచ్చును, కాని బార్ట్‌లీగారి వెన్నెల కాదు. ధ్వనివిషయమును అట్టిదే. తెరవెనుక నొకచోటినుండి వినఁబడునట్లు కూర్చిన సంగీతమును నలుదిక్కులనుండి వినిపించుట క్రొత్తకూర్పు.

వ్యాఖ్యానము తప్పు కాదు. మల్లినాథుఁడు లేనిచో కాళిదాసు మన కెంత యందెడివాఁడు? కాని వ్యాఖ్యానమును మూలశ్లోకములలోఁ గలిపివేసి, మూలము నచ్చు వేయుట మానినచో మల్లినాథుఁడే యొప్పుకొనఁడు. రంగుల మాయాబజారు నుండనిండు. నలుపుతెలుపుల మాయాబజారును గూడ అంత శ్రద్ధతో శుద్ధిచేసి, తెలుఁగు తమిళ ప్రతులను సరిచూచి, ఏ భాగము ఏ ప్రతినుండి గ్రహింపఁబడినదో చెప్పి ప్రకటించుట దానికంటె ముందు జరుగఁదగిన పని. శుద్ధిలోఁగూడ సంపాదకునకు నిగ్రహము కావలయును. మాయాచిత్రములలో తీఁగె కనఁబడుట గలదు. అతుకు కనఁబడుట గలదు. యంత్రము దానిని సులభముగాఁ దుడిచివేయఁగలదు. ఆ తీఁగె ఆనాఁటి శిల్పులు పనిచేసిన విధమునకు సాక్ష్యము. కవి ప్రయోగించిన దుష్టసంధిని సంపాదకుఁడు దిద్దుట తగదు.

ఇప్పుడు ఫిలిమును స్కానరునం దుంచి బొమ్మకు బొమ్మగా అంకెలుగా మార్చి దాఁచుచున్నారు. మాతృకను మరల మరల తాఁకనక్కఱలేకుండ దీనిచే మేలు కలిగినది. అంకెలైనచోఁ జావు లేదని కొందఱనుట వినుచున్నాను. అంకెలను దాఁచు అయస్కాంతపుఁబట్టీలను చదువుటకుఁ దగిన యంత్రము కావలయును. క్రొత్త తరపు యంత్రము తనకు ముందున్న రెండుమూఁడు తరముల పట్టీలను మించి చదువలేదు. కావునఁ గొన్ని యేండ్ల కొకసారి సర్వమును క్రొత్త పట్టీమీఁదికి ఎక్కింపవలసినదే. తాళపత్రములను నూఱేండ్ల కొకమాఱు తిరుగవ్రాసిన దేశమునకు ఈ బాధ్యత అర్థము కానిది కాదు. గడువు మాత్రము చాలఁ దగ్గినది. అంకెలు తీసికొంటిమి గదా యని నెగెటివును పాఱవేయుట అన్నిటికంటె హానికరము. రాయ్‌గారి కాలిన ముక్కలను 1993లో పాఱవేసియున్నచో ఇరువదేండ్ల తరువాతి విద్యకుఁ బట్టుకొనుటకు ఏమియు నుండెడిది కాదు.

ప్రదర్శనశాలలయొద్ద అణాకో అర్ధణాకో అమ్మిన పాటలపుస్తకములు మన యిండ్లలోను, పల్లెల గ్రంథాలయములలోను ఇంకను నున్నవి. కథాసంగ్రహము, పాత్రధారుల పేరులు, పాటల పూర్తిపాఠము వానియందుండును. చాలమంది వానిని సారస్వతముగా గణింపక చిత్తుకాగితములతోఁ గలిపి వేయుచున్నారు. చిత్రపు అతుకులయందుఁ బోయిన చరణమును నిలుపుటకు, తాఱుమాఱైన రీళ్లను వరుసఁబెట్టుటకు మెట్రోపోలిస్ స్వరగ్రంథము వలెనే ఇవి పనికివచ్చును. పాఠశాలల పండితులు తమ గ్రామములందు వీనిని జాబితా వ్రాసినను చాల సాయము.

భక్త ప్రహ్లాదవిషయమున మనకు మిగిలినదేమి? ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకమును సురభివారు ఆడుచుండిరి. దానినే చిత్రమునకుఁ దీసికొనిరి. పాటలు చందాల కేశవదాసుగారివి. కావున సంభాషణములు ఏ రీతివో, పాటలు ఏ ధోరణివో ఊహింపవచ్చును. ప్రకటనములను బట్టి తేది తెలిసినది. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుఁడై కొడుకును బెదరించునపుడు ఏ పదమును సాగదీసిరో, ఏ పదమును విఱిచిరో, లీలావతి దుఃఖమున కే రాగము నెన్నుకొనిరో తెలుపునది మాత్రము ఆ రెండున్నర మిల్లీమీటరుల దారియే. ఆ దారిగల యొక్క రీలైనను ఏ భాండాగారపుఁ బేరులేని పెట్టెలోనో యున్నదేమో వెదకవలసియున్నది.